గంజి పెట్టిన విమానం

ఆ రోజుల్లో ఏ వస్తువు ఇంటికొచ్చినా, దాన్ని ఎక్కడ దాచాలన్న చర్చ కూడా దాని వెంటే వచ్చేది. చక్కెరను చీమలకు దొరక్కుండా, తొక్కును తడి చేతులకు దొరక్కుండా, బెల్లాన్ని నాకు దొరక్కుండా దాచడం మా అవ్వకు (మా వైపు అమ్మను అవ్వ అనీ, నాన్నను బాపు అనీ అంటాం) వెన్నతో పెట్టిన విద్య. అందులో పావు వంతు కూడా నాకు అబ్బలేదని ఆమె దిగులు. ఆడపిల్ల అన్నాక నాలుగు వస్తువులు భద్రం చేయడం రావాలి, ఇదేమో జడకు కట్టిన రిబ్బను కూడా సాయంత్రానికి పారేసుకుని వస్తుంది అని వాడకట్టంతా చెప్పుకునేది. అటువంటి నాకు తొమ్మిదో తరగతిలో ఏకంగా ఒక విమానం గుండెకాయను దాచే పని అప్పగించారు. గుండెకాయ అన్నది నా మాట కాదు, మా సైన్సు సారు మాట. చూడబోతే అది సేమియాలాగా సన్నగా, గోధుమ రంగులో ఉన్న ఒక రబ్బరు చుట్ట. (మా ఊళ్ళో నా ఈడువాళ్ళు కొందరు నన్నిప్పటికీ 'రబ్బరక్క' అనే పిలుస్తారు. ఎందుకలా పిలుస్తారని వాళ్ళ మనవలు అడిగితే వాళ్ళు చెప్పబోయి, నవ్వొచ్చి, చెప్పలేక ఊరుకుంటారు. ఆ బాధ్యత నేనే తీసుకుంటున్నాను.)

మాది మానేరు ఒడ్డున నేతగాళ్ళ ఊరు. వీధిలో నడిచిపోతుంటే ఇటు మగ్గం చప్పుడు, అటు మగ్గం చప్పుడు. ఆకాశంలో విమానం పోయిన రోజున మాత్రం అన్నీ ఒక్కసారి ఆగేవి. మగవాళ్ళు మగ్గం గుంటల్లోంచి లేచి బయటికొచ్చి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, అది కనుమరుగయ్యేదాకా చూసి, ఏదో పెద్ద పని పూర్తిచేసినట్టు లోపలికి వెళ్ళేవారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్ళయింది, మా ఊరికి హైస్కూలు అప్పుడప్పుడే వచ్చింది. దాంతోపాటే ధర్మపురి వైపు నుంచి మా సైన్సు సారు వచ్చారు. చదువులో ఎంత కొత్త మనిషో ఆచారంలో అంత పాత మనిషి. ఎవరైనా పెన్సిలు చివర కొరుకుతూ కనబడితే పాఠం ఆపేసి, ఆ పెన్సిలును బోరింగు దగ్గరికి తీసుకెళ్ళి స్నానం చేయించుకుని రమ్మనేవారు. ఎంగిలి అన్న మాట వింటేనే ఆయన భుజాలు దగ్గరికి ముడుచుకునేవి.

ఆయన హైదరాబాదు నుంచి ఒక అట్టపెట్టె తెప్పించారు. అందులో పూచికపుల్లలంత తేలికైన కర్రలు, పతంగి కాగితం, ఒక చెక్క పంకా, ఆ రబ్బరు చుట్ట ఉన్నాయి. కర్రలు అతికించి కాగితం అంటిస్తే విమానమవుతుంది. దాని కడుపులో ముందు కొక్కేనికీ వెనక కొక్కేనికీ నడుమ రబ్బరు పేటలు తగిలించి మెలితిప్పితే, మెలి విప్పుకునేటప్పుడు పంకా తిరిగి విమానం లేస్తుంది. ఇంజను లేదు, పెట్రోలు లేదు. వచ్చిన రోజే సారు ఆ రబ్బరును సబ్బునీళ్ళలో కడిగి, నీడన ఆరబెట్టి, ముఖానికి రాసుకునే పౌడరు తెమ్మని అటెండరును బజారుకు పంపారు. సారు పౌడరు తెప్పించుకుంటున్నారన్న వార్త ఆ పౌడరు కంటే ముందు స్కూలంతా చల్లుకుపోయింది. రబ్బరు పేటలు ఒకదానికొకటి అతుక్కోకుండా వాటిమీద చల్లడానికని ఆయన ఎంత చెప్పినా లాభం లేకపోయింది. ఆనాటి నుంచి ఆయన పౌడరు సారే.

విమానాన్ని కరీంనగర్‌లో జరిగే సైన్సు ప్రదర్శనలో ఎగరేయాలి. అది ఎండాకాలం ముందే జరగాల్సింది, ఏదో కారణంతో దసరా తర్వాతకు వాయిదా పడింది. దాంతో రబ్బరును మా ఎండాకాలం దాటించాల్సి వచ్చింది. మా వైపు ఎండ సంగతి తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళు నమ్మరు. "రబ్బరుకు ఎండ శత్రువు. పల్లినూనె, గ్యాసునూనె, చేతి గోర్లు గూడ శత్రువులే. ఆముదం ఒక్కటే దానికి దోస్తు. ఎవరింట్ల చీకటిగ, సల్లగ ఉండే జాగ ఉన్నది?" అని సారు క్లాసులో అడిగారు. పటేలు గారబ్బాయి వెంటనే లేచి, తమ బంగళాలో వట్టివేళ్ళ తడికెలున్నాయన్నాడు. (వేములవాడ జాతరలో కొన్న నల్లద్దాలు పెట్టుకుని తిరిగేవాడు కాబట్టి అతన్ని మేం పైలట్ అనేవాళ్ళం. విమానం ఎగరేసేది తనేనని అతను మాతోపాటు తనక్కూడా చెప్పుకుని నమ్మేశాడు.) నేను లేచి, మా బాపు మగ్గం గుంట అన్నాను. క్లాసంతా నవ్వింది.

సారు మాత్రం నవ్వలేదు. ఆ సాయంత్రం మా ఇంటికొచ్చారు. బాపు కాళ్ళు పెట్టుకుని చెక్కలు తొక్కే గుంట అది. నూలు తెగకుండా ఎప్పుడూ చెమ్మగా, చీకటిగా ఉంటుంది. పక్క గోడలో చిన్న గూడు ఉంది. సారు చొక్కా చెయ్యి పైకి మడిచి, గుంటలోకి వంగి, ఆ గూట్లో చెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నారు. "కోటల నేలమాళిగ లెక్కున్నది" అన్నారు. చెమ్మ తగలకుండా బిస్కెట్ల రేకుడబ్బాలో కాగితం పరిచి, రబ్బరు పెట్టి, మూత బిగించి నా చేతికిచ్చారు. నాకప్పుడు ఎక్కడి ధైర్యం వచ్చిందో తెలియదు. "సార్, మరి ఇడిచేది ఎవరు?" అని అడిగేశాను. ఆయన నా వైపు చూసి, "రబ్బరు ఎవరు సాకుతరో వాళ్ళే ఇమానం ఇడుస్తరు. దసరా దాంక అది పగలకుంట ఉండాలె. పగిలిందనుకో, ఇంకోటి తెచ్చేటంత టైం లేదు. ఇడిచేది లేదు, చూసేది లేదు" అన్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే అతిశయోక్తి కాదు. మా ఇంట్లో ఆడపిల్లలు దాచేవాళ్ళే. మగపిల్లలు పతంగులు ఎగరేస్తే మాంజా చరఖా పట్టుకుని వెనక నిలబడేదాన్ని నేను. తెగిన పతంగి కోసం వాళ్ళు పరిగెత్తితే వాళ్ళ చెప్పులు కాపలా కాసేదాన్ని కూడా నేనే. నా చేతిలోంచి ఒక్క వస్తువు ఆకాశంలోకి పోవాలి, అందరూ చూడాలి, అంతే నా కోరిక. దానికోసం వేసవి అంతా ఆ డబ్బాను పసిబిడ్డలా సాకాను. అప్పుడప్పుడు తీసి, గోరు తగలకుండా మెల్లగా సాగదీసి, పగుళ్ళున్నాయేమో దీపం దగ్గర చూసి, మళ్ళీ పౌడరు చల్లి పెట్టేదాన్ని. పాపం బాపు మగ్గం మీద కూర్చున్నప్పుడల్లా కాలు డబ్బాకు తగిలేది. "ఇమానం ఉన్నకాడ నేనుంటున్ననా, నేనున్నకాడ ఇమానం ఉంటున్నదా, సమజైతలేదు బిడ్డా" అనేవారు. అవ్వకు మాత్రం డబ్బాలో ఏముందో చెప్పలేదు. చెప్తే తన విద్య ప్రకారం దాన్ని ఇంకో చోట దాచి, ఎక్కడ దాచిందో మరిచిపోతుందని భయం.

ఆ చెప్పకపోవడమే కొంప ముంచింది. దసరాకు మా ఇళ్ళలో మగ్గాన్ని కడిగి, గుంటను అలికి, పసుపు కుంకుమ పెట్టి పూజ చేస్తారు. నేను బతుకమ్మకు తంగేడు పూల కోసం చెలకల్లోకి వెళ్ళిన పొద్దున అవ్వ గుంట అలకడానికి దిగింది. గూట్లో డబ్బా, డబ్బాలో చుట్ట. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నూలు తప్ప మరొకటి ఎరగని మనిషి. సన్నగా పేటలు పేటలుగా ఉన్న చుట్ట ఆమె కంటికి నూలు చిలప, అంటే నూలు కట్ట, కాక మరేమవుతుంది? పైనున్న పౌడరును చూసి మిల్లువాళ్ళు పెట్టిన గంజి చెడిపోయి బూజు పట్టిందనుకుంది. నేతగాళ్ళ సహకార సంఘం వాళ్ళు కొత్తరకం నూలు ఏదో నమూనాకు ఇచ్చారనీ, బాపు బద్ధకించి గుంటలో పడేశాడనీ తీర్మానించేసింది. పండగపూట మొగుడి పని సగం తానే చేసి పెడదామని, ఆ చిలపను శుభ్రంగా ఉతికి, చిక్కటి గంజిలో ముంచి, పిండి, వాకిట్లో దండేనికి మిగతా నూలుతోపాటు ఎండలో ఆరేసింది.

నేను పూలబుట్టతో వచ్చేసరికి మా వాకిట్లో పదిమంది ఉన్నారు. అందరూ వంతులవారీగా దండెం మీది చిలపను లాగి చూస్తున్నారు. "సాగుతున్నదే. ఇడిస్తె మళ్ళ ఎప్పటి లెక్కనే అయితున్నది" అని పక్కింటి పెద్దబాపు ఆశ్చర్యపోతున్నాడు. అవ్వ గర్వంగా, "గదే కొత్త నూలు. ఇసొంటి నూలు గిట్ట సంఘంల ఇస్తే ఒక్క చీర నూలుకు రెండు చీరలు దిగుతయి" అంటోంది. పెద్దబాపు ఆలోచించి, "దిగుతయి గని, కట్టుకున్న ఆడిమనిషి కూసుంటె ఒక తీరు, లేస్తె ఒక తీరు ఉంటదేమొ" అని సందేహం వెలిబుచ్చాడు. వాళ్ళు ఆ చర్చలో ఉండగానే నా చేతిలోని బుట్ట కింద పడింది. తంగేడు పూలు వాకిలంతా చిందాయి. గంజి కట్టి, తెల్లగా, బిర్రుగా, అక్కడక్కడ పేటకు పేట అతుక్కుని వేలాడుతోంది నా విమానం గుండెకాయ.

"గదెందుకు ఏడుస్తున్నవే, గంజి మంచిగనే పట్టింది గదా" అంది అవ్వ. వెక్కిళ్ళ మధ్య సంగతి చెప్పాను. ఆమె నమ్మలేదు. బాపు వచ్చి తల ఊపాక నమ్మి, దవడన చెయ్యి పెట్టుకుంది. తర్వాత నన్ను ఓదార్చడానికో, తనను తాను ఓదార్చుకోవడానికో, "మనిషికైనా నూలుకైనా గంజే బలం. నీ ఇమానానికి మాత్రం చెడుపు చేస్తదా? జర తాగనీ, ఇంక పైకి పోతది" అంది. ఆ మాటకు ఏడుస్తున్నదాన్ని నవ్వాను, నవ్వినందుకు కోపం వచ్చి మళ్ళీ ఏడ్చాను, ఆ తర్వాత చిలపను ఓణీలో చుట్టుకుని సారు ఇంటికి పరిగెత్తాను.

నవరాత్రులు కాబట్టి సారు మడిలో ఉన్నారు. తడి పంచెతో గడప లోపల ఆయన, గడప బయట అరుగు మీద నేను. ఆయన ముట్టుకోరు. నేను చిలపను ఎత్తి చూపిస్తే మెడ చాచి చూసి, "నారాయణా" అన్నారు.  ఆ తర్వాత ఇంట్లో మంచానపడ్డ మనిషికి వైద్యం చెప్పినట్టు అక్కడి నుంచే ఒక్కొక్కటీ చెప్పసాగారు. గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టాను. గంజి పొరలు పొరలుగా ఊడివచ్చింది. పేటలను ఒకదాన్నుంచి ఒకటి విడదీసి, నీడన ఆరబెట్టి, చూపించాను. అదృష్టం బాగుండి చాలా భాగం మెత్తగానే ఉంది. (గంజి పూత అడ్డం ఉండబట్టే ఎండ తగల్లేదని అవ్వ కడదాకా వాదించింది. ఆ మాట తప్పని నేను కూడా రుజువు చేయలేకపోయాను.) ఒక చోట మాత్రం సన్నటి పగుళ్ళు కనిపించాయి. ఆ ముక్క కోసేసి కొసలు ముడి వేయాలన్నారు సారు. ఆయన చెప్పిన ముడి వేశాను, సాగదీయగానే జారింది. మళ్ళీ వేశాను, మళ్ళీ జారింది.

ఇక నా చేతులు నా మాట వినలేదు. మా ఇంట్లో పడుగులో పోగు తెగితే మేమేం చేస్తామో అదే చేశాయి. రెండు కొసలూ నోట్లో పెట్టి ఎంగిలితో తడిపి, చిటికెలో నేతముడి వేసి లాగాను. నిలిచింది. ఎంత సాగదీసినా కదల్లేదు. తలెత్తి చూస్తే సారు రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని గోడవైపు తిరిగి ఉన్నారు. భుజాలు చెవులదాకా వచ్చాయి. "నేను సూడలే అమ్మాయీ" అన్నారు. "ముడి నిలిచిందా?" అని అడిగారు. నిలిచింది సార్ అన్నాను. "అయితే నేను అసలే సూడలే" అన్నారు.

ప్రదర్శన రోజున కరీంనగర్ బస్సులో మాతోపాటు మా రాట్నం కూడా ఎక్కింది. రబ్బరును వేలితో మెలితిప్పితే పొద్దు గూకుతుంది కాబట్టి, కండెలు చుట్టే మా రాట్నం కదురుకు తీగతో కొక్కెం చేసి పెట్టారు బాపు. చక్రం ఒక్కసారి తిప్పితే కదురు గిర్రున తిరుగుతుంది. బాపు జీవితంలో మొదటిసారి మగ్గం పని వదిలేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, రాట్నాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. కండక్టరు దాన్ని చూసి, "ఏంది పెద్దమనిషీ, కరీంనగర్ల బట్టలు దొరుకుతలెవ్వా?" అన్నాడు. "ఇది ఇమానం సామాను" అన్నారు బాపు ఎంతో నిబ్బరంగా. ఆ తర్వాత కండక్టరు మా జోలికి రాలేదు.

మైదానంలో మా వంతు వచ్చింది. షామియానా కింద విద్యాశాఖ పెద్ద ఆఫీసరు, చుట్టూ నానా ఊళ్ళ పిల్లలు. సారు విమానం పట్టుకున్నారు. నేను ఆముదం రాసిన రబ్బరును సాగదీసి రాట్నానికి తగిలించాను. బాపు చక్రం తిప్పుతుంటే, మెలి పడేకొద్దీ సారు అడుగులో అడుగు వేసుకుంటూ రాట్నం దగ్గరికి వస్తున్నారు. పైలట్ నల్లద్దాలు పెట్టుకుని, సిద్ధంగా ఉండటం కోసం పక్కనే చేతులు చాచి నిలబడ్డాడు. ఇంకాస్త తిప్పితే చాలనగా టప్పుమంది. ఒక పేట తెగింది. ముడి కాదు, ముడి పక్కన. షామియానా కింద నుంచి ఎవరో గడియారం చూసుకుని, తొందరగా కానివ్వండని అన్నారు.

మెలి విప్పి, కొసలు ఓణీతో తుడిచి నోట్లో పెట్టుకున్నాను. భయానికి నా నోరు ఎండి పిడచకట్టుకుపోయింది. చుక్క తడి లేదు. ముడి వేస్తే జారింది. ఆముదం జిగట పోలేదు. ఇంకోసారి వేస్తే ఇంకోసారి జారింది. నీళ్ళకుండ మైదానం ఆ చివర ఉంది. బాపు వైపు చూస్తే ఆయన నోరు నా నోటికంటే ఎండిపోయి ఉంది. వేసవంతా సాకినదంతా ఇక్కడ, పదిమందిలో, ఒక ముడి దగ్గర ఆగిపోతుందని నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. (ఆ నీళ్ళు నోట్లోకి వచ్చినా పనికొచ్చేవి. అవసరానికి ఏదీ సరైన చోటికి రాదు.)

అప్పుడు సారు గొంతు సవరించుకున్నారు. భోజనం తర్వాత వేసుకున్న తాంబూలం ఇంకా ఆయన దవడన ఉంది. అటూ ఇటూ చూశారు. షామియానాకు వీపు పెట్టి నిలబడి, ఉత్తరీయం నోటికి అడ్డం పెట్టుకుని, నా చేతిలోంచి రబ్బరు కొసలు తీసుకున్నారు. తిరిగి నా చేతికిచ్చేసరికి అవి ఎర్రగా, తడిగా ఉన్నాయి. "కట్టు" అన్నారు, నా మొహంకేసి చూడకుండా. కట్టాను. అది ఎంత బిగిసిందంటే, ఆ ముడిని ఆ తర్వాత ఎవరూ విప్పలేకపోయారు. బాపు మళ్ళీ చక్రం తిప్పారు. రబ్బరు మెలిమీద మెలిపడి వెన్నుపూసలాగా బొడిపెలు బొడిపెలుగా వచ్చింది. పైలట్ విమానం అందుకోబోయాడు. సారు అతని చేతిని పక్కకు జరిపి, "రబ్బరు సాకినోళ్ళే" అని రెండే మాటలు అన్నారు. అతను పాపం నల్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. బహుశా బాగా కనబడటం కోసమే అయి ఉంటుంది.

ఇక విడవాలి. పంకా వదిలాను, విమానం నా చేతిలో పురుగులా జుమ్మని కదిలింది. అలా కదులుతుంటే నాకు ఒళ్ళంతా పులకరించింది. రెండడుగులు పరిగెత్తి విడవమన్నారు కదా, పరిగెత్తాను. విడవలేదు. ఇంకా పరిగెత్తాను. అదీ నేనూ కలిసి మైదానం సగం దాటాం. పిల్లలు అరుస్తున్నారు, సారు అరుస్తున్నారు, ఎవరేమంటున్నారో నా బుర్రకు ఎక్కడం లేదు. నెలల తరబడి భద్రం చేసిన చేతికి, విడవడమంటే ఏమిటో ఆ క్షణాన గుర్తు రాలేదు. చివరికి అన్ని గొంతుల మీదుగా బాపు గొంతు వినబడింది. "ఇడువు బిడ్డా, ఇడువు. అదే పోతది."

విడిచాను. పోయింది. పతంగి కాగితం రెక్కలు ఎండకు మెరుస్తూ, మా తలలమీదుగా ఒక చుట్టు తిరిగి, ఇంకో చుట్టు తిరిగి, చింతచెట్టు కొస దాటి, మెలి అయిపోయాక చప్పుడు చేయకుండా తేలుతూ వచ్చి షామియానా మీద వాలింది. అక్కడి నుంచి జర్రున జారి తిన్నగా పెద్ద ఆఫీసరు గారి ఒళ్ళో పడింది. మైదానమంతా చప్పట్లు. ఆయన మంచి మనిషి, నవ్వుతూ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కడుపులోని ఎర్రముడిని వేలితో తడిమి, వాసన చూశారు. "కమ్మటి వాసనొస్తున్నది. ఇదేం మందు పూసిన్రు?" అని అడిగారు. సారు చేతులు కట్టుకుని, కళ్ళు దించుకుని, "స్థానికంగ తయారైందే సార్" అన్నారు. నేను ఓణీ కొంగు నోట్లో కుక్కుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు బస్సులో సారు నాలుగు ఊళ్ళు దాటేదాకా ఉత్తరీయం కొసతో నోరు తుడుచుకుంటూనే ఉన్నారు. ఆ తర్వాత మెల్లగా, "ఇంటికి పోయి స్నానం జెయ్యాలె" అన్నారు. ఇంకో ఊరు దాటాక ఆయనకే నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి బాపు కూడా నవ్వారు. రాట్నం ఆయన ఒళ్ళో ఊగిపోయింది.

తర్వాత నేనూ సైన్సు పంతులమ్మనే అయ్యాను. నా క్లాసు పిల్లల్లో ఎవరు పెన్సిలు కొరికినా ఏమీ అనలేదు. బాపు మగ్గం పోయింది, గుంటను పూడ్చి పైన గచ్చు చేశారు. ఎండాకాలం అక్కడ చాప వేసుకుని పడుకుంటే వీపుకు ఇంకా చల్లగా తగులుతున్నట్టు నాకు అనిపిస్తుంది. ఇంట్లోవాళ్ళు అదేం లేదంటారు. నా వంటింట్లో ఒక రేకుడబ్బా నిండా రబ్బరు బ్యాండ్లు ఉన్నాయి, పౌడరు చల్లి.  నేను రిటైరైన రోజున స్కూలు పిల్లలు గ్యాసు బుడగల గుత్తి ఒకటి తెచ్చి, ఆకాశంలోకి వదలమని నా చేతికిచ్చారు. దారం వేళ్ళకు చుట్టుకుని నిలబడ్డాను. బుడగలు పైకి లాగుతున్నాయి, అచ్చం ఆనాడు విమానం లాగినట్టే. పిల్లలు "వదలండి మేడమ్, వదలండి" అని ఒకటే గోల. ఆ లంగా ఓణీ పిల్ల మైదానంలో సగం దూరం ఎందుకు పరిగెత్తిందో నాకప్పుడు తెలిసి నవ్వొచ్చింది. దానికి విడవడం చేతకాక కాదు. ఇంకాసేపు చేతిలో ఉంచుకోవాలని. నేను పైకి చూసి, ఎవరికీ వినబడకుండా, "అదే పోతది" అని బాపు మాట నాకు నేనే చెప్పుకుని, వేళ్ళు విప్పాను.